ఉప్పునీళ్ళ సంచి

ఆసుపత్రి రెండో అంతస్తులో మందులు కలిపే గదికి కిటికీ లేదు. తలుపుకి మాత్రం అరచెయ్యంత గాజుపలక ఉంది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్ళకి కనపడకూడదని దానికి లోపలివైపు తెల్లకాగితం అంటించారు. అంటించింది ఆ గదిలో పనిచేసే ఫార్మసిస్టే. తలలో తెల్లవెంట్రుకలు కనపడుతున్నా ఇంట్లో ఆమెని ఇప్పటికీ చిన్ని అనే పిలుస్తారు.

ఈ ఏడాదంతా ఆమె చేస్తున్న పని ఒక ట్రయల్‌కి సంబంధించింది. పాంక్రియాస్‌కి, అంటే క్లోమానికి, క్యాన్సర్ వచ్చినవాళ్ళకి మామూలుగా ఇచ్చే కీమోతో పాటు సి విటమిన్‌ని చాలా పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే ఇంకొన్నాళ్ళు ఎక్కువ బతుకుతారా అన్నది ప్రశ్న. సగంమందికి విటమిన్. మిగతా సగంమందికి ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది. డాక్టర్‌కి తెలియదు, నర్సుకి తెలియదు, రోగికీ తెలియదు. తెలిస్తే ఆశ ఒకవైపుకి మొగ్గుతుంది, ఆశ మొగ్గినచోట లెక్క తప్పుతుంది. విటమిన్ కలిపిన నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి కాబట్టి అన్ని సంచులకీ ఒకే రకం ముదురు గోధుమరంగు తొడుగు వేస్తారు. తొడుగు కింద ఏముందో తెలిసిన మనిషి మాత్రం ఒకరు ఉండక తప్పదు. ఎవరో ఒకరు కలపాలి కదా.

ఆ ఉదయం ఆమె సిద్ధం చేసిన సంచుల్లో ఒకటి వాళ్ళ బావది. సిద్ధం చెయ్యడానికేముంది, సెలైన్ సంచిని ఉన్నదున్నట్టు తీసి తొడుగులోకి దూర్చడమే. అయినా విటమిన్ కలపడానికి ఎంతసేపు పడుతుందో దీనికీ అంతసేపే పట్టాలి. బయట ఎదురుచూసే నర్సు తేడా పసిగట్టకూడదు. అందుకని ఉప్పునీళ్ళ సంచిని ముందు పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఆమె కాసేపు ఊరికే నిలబడాలి. రోజంతా చేసే పనుల్లో ఆ ఊరికే నిలబడటమే ఆమెకి అన్నిటికన్నా కష్టం.

విటమిన్ పనిచేస్తుందని ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు. పనిచేస్తుందని తెలిస్తే ట్రయల్ దేనికి? బావకి దక్కనిది అమృతం కాదు, ఒక అనుమానం మాత్రమే. ఈ మాట ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ బుర్ర ఒప్పుకునేది. చేతులు ఒప్పుకునేవి కావు. ఆకలిగా ఉన్న మనిషి నోటి దగ్గర ముద్ద లాగేసినట్టే ఉండేది వాటికి. ఒక వారం అయితే కుడిచెయ్యి తనంతట తాను ఫ్రిజ్ వైపు వెళ్ళి విటమిన్ సీసాని పట్టుకుంది. గ్లవ్స్‌లోంచి ఆ చల్లదనం వేళ్ళకి తగిలింది. దాన్ని బావ సంచిలోకి ఎక్కిస్తే అడిగేవాళ్ళు లేరు. తిరిగి పెట్టేసింది. పెట్టేసినందుకు గర్వపడాలో సిగ్గుపడాలో ఆమెకి తేలలేదు.

అసలు తప్పు ఆ గదిలో మొదలవలేదు. బావకి జబ్బు అని తేలిన వారమే ఈ ట్రయల్ గురించి అక్కకి చెప్పింది ఆమే. "చేరితే పోయేదేముంది?" అంది. చేర్చుకునేటప్పుడు ట్రయల్ నడిపే పెద్ద డాక్టర్, "మీకేమవుతారు?" అని అడిగాడు. "తెలిసినవాళ్ళండి," అంది. చుట్టమని చెప్పుంటే బావ సంచి కలిపే పని ఆమెకి ఇచ్చేవాళ్ళు కాదు. ఇంకో ఆసుపత్రి నుంచి ఇంకొకరు వచ్చి కలిపేవాళ్ళు. అప్పుడు ఆమె కూడా అక్కలాగే, బావలాగే, తెలియనివాళ్ళలో ఒకతె అయ్యేది. ఆమెకి తెలుసుకోవాలని ఉంది. దానికి ప్రేమ అని పేరు పెట్టుకోవచ్చు, జాగ్రత్త అని పెట్టుకోవచ్చు. మూసిన తలుపు కన్నంలోంచి లోపలికి చూడాలనుకునే పిల్లల కుతూహలం కూడా అందులో ఉందని ఆమెకి లోలోపల తెలుసు. చూసింది. చూశాక కన్ను తీసుకోవడం కుదరలేదు.

బావకి ఎక్కించిన రోజు సాయంత్రం ఆమె తప్పకుండా వాళ్ళింటికి వెళుతుంది. బస్సు కిటికీ అద్దంలో తన మొహాన్ని సరిచూసుకుంటుంది. ఎక్కువ నవ్వకూడదు, అక్క దాన్ని విటమిన్ అనుకుంటుంది. డీలాగా ఉండకూడదు, సెలైన్ అనుకుంటుంది. అక్క బడిలో లెక్కలు చెబుతుంది. ఏ జవాబైనా ఎలా వచ్చిందో మెట్టుమెట్టుగా చూపిస్తేగాని ఒప్పుకోదు. ఈ విషయంలో ఆమెకి దొరికిన ఆధారం చెల్లెలి మొహం ఒక్కటే. తలుపు తీస్తూనే ముందు దాన్ని చదివేది, తర్వాతే పలకరించేది. చిన్ని చాలాకాలం కష్టపడి, ఏమీ రాయని పలకలాంటి మొహం ఒకటి తయారుచేసుకుంది.

ఆ సాయంత్రం దాని అవసరం లేకపోయింది. బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

"రావే రా! చెప్పులు తర్వాత విప్పుదువుగాని."

"ఏంటక్కా ఈ హడావిడి?"

"అబ్బో, ఏం తెలియనట్టు! నీకు చెప్పాలా? దొంగమొహమా."

అక్క ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బావ సోఫాలో రెండు దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద నీళ్ళ సీసాలు, ఒకటి ఖాళీ, ఒకటి సగం. బావది కళ్ళజోళ్ళ కొట్టు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ ముక్కు మీద జోడు వంకరగా ఉందేమోనని చూసే అలవాటు ఆయనకి జబ్బులోనూ పోలేదు.

"రావమ్మా మరదలు పిల్లా. జోడు ఎడమవైపు దిగింది, ఇలా రా సరిచేస్తా. ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని కూర్చున్నావు చూడు, నీ అంత గట్టి పిండాన్ని నేను చూళ్ళేదు. మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఒకే తల్లికి పుట్టారంటే ఎవరు నమ్ముతారు?"

"అసలేమైంది బావా?"

"మీ అక్క నీ గుట్టు రట్టు చేసేసింది."

అక్క చక్కెర పరీక్ష చేసే మీటర్ తెచ్చి ఆమె మొహం ముందు పెట్టింది. బావకి క్యాన్సర్‌తో పాటే చక్కెర జబ్బూ వచ్చింది. పాంక్రియాస్ పాడైతే చక్కెర కూడా అదుపు తప్పుతుంది. ఇన్సులిన్ వేసుకుంటున్నాడు. మీటర్ మీద నాలుగు వందల ఎనభై అని ఉంది.

"మామూలుగా రెండొందలు దాటదు," అంది అక్క. ఆమె గొంతు క్లాసులో జవాబు దగ్గరికి వచ్చినప్పటి గొంతులా ఉంది. "కీమో గది బయట మూల కుర్చీలో కూర్చుంటుందే ఎర్రసంచి ఆవిడ, పోయిన వారం ఆవిడ చెప్పింది. వాళ్ళాయనకి ఎక్కించిన రోజు మీటర్ పిచ్చిపట్టినట్టు చూపిస్తుందట. విటమిన్‌ని చూసి చక్కెర అనుకుంటుందట అది! అందుకేనటే నర్సు ఆ రోజు మీటర్ ముట్టుకోవద్దని అన్నిసార్లు చెప్పింది? నేనేమో బుద్ధిమంతురాలిలా ఇన్నాళ్ళూ బీరువాలో పెట్టేశాను. ఇవాళ తీశాను."

"అక్కా..."

"నువ్వేం మాట్లాడకు. నీ రూలు నీకుంది, నేను నిన్ను అడగను. నువ్వు ఊరికే కూర్చో. నేను నవ్వుకుంటాను, చూడు."

అక్క చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ విటమిన్ వేలిచుక్కతో చూసే మీటర్‌ని మోసం చేస్తుంది. లేని చక్కెరని ఉన్నట్టు చూపిస్తుంది. అది నమ్మి ఇన్సులిన్ ఇస్తే, ఉన్న కాస్త చక్కెరా పడిపోయి మనిషి కుప్పకూలిపోవచ్చు. అందుకే ఎక్కించిన రోజూ మర్నాడూ మీటర్ వాడొద్దని, ఒంట్లో తేడాగా ఉంటే ఆసుపత్రికి వచ్చి నరంలోంచి రక్తం ఇచ్చి ల్యాబ్‌లో చూపించుకోవాలని నియమం. గుట్టు బయటపడకుండా ఆ నియమం ఉప్పునీళ్ళ వాళ్ళకి కూడా చెబుతారు.

అక్క లెక్కలో ఒక్క మెట్టే తప్పింది. కీమోతో పాటు వాంతులు కాకుండా ఇచ్చే మందు కూడా చక్కెరని పెంచుతుంది. అంకె పెరగడానికి ఇంకో కారణం ఉండొచ్చని ఆమెకి తోచలేదు. తోచాలని ఆమె కోరుకోలేదు.

"సాయంత్రం ఇన్సులిన్ ఇచ్చావా?" చిన్ని మామూలుగా అడగబోయింది. మామూలుగా రాలేదు.

"ఎందుకిస్తానే? ఉత్త అంకె కదా ఇది. అసలు చక్కెర లోలోపల పడిపోతోందేమోనని భయమేసి, రెండు గ్లాసులు పళ్ళరసం ఇచ్చాను పంచదార వేసి."

"మూడు," అన్నాడు బావ. "మూడోది నేనే కలుపుకున్నా. దాహం ఆగట్లేదు మరదలా. ఈ సోఫాకీ బాత్రూమ్‌కీ మధ్య రైలు నడుపుతున్నా, స్టేషన్లో ఆగడమే లేదు."

నవ్వాడు. నవ్వు చివర పై పెదవి పళ్ళకి అతుక్కుని ఉండిపోయింది. నాలుకతో తడుపుకున్నాడు, నాలుకా ఎండిపోయి ఉంది. కళ్ళు మూతలుపడి, మళ్ళీ ఎవరో పిలిచినట్టు తెరుచుకుంటున్నాయి.

అప్పుడే చెప్పాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ అక్క వంటగదిలోకి వెళ్ళి టీ పెడుతూ ఏదో పాట గొణుక్కుంటోంది. జబ్బు సంగతి తెలిసిన రోజునుంచీ ఆ ఇంట్లో ఎవరూ పాట గొణగలేదు. చిన్ని గుమ్మం వైపు చెవి పెట్టి కూర్చుంది. ఈ పాట అయ్యేదాకా, అనుకుంది. టీ మరిగేదాకా. ఏమీ మారదు ఈ కాసేపట్లో. ఆ మాట తనదో, తనలో ఉన్న ఒక పిరికిదానిదో ఆమె తేల్చుకోలేదు. అక్క సంతోషం కోసమే ఆగుతున్నాననుకుంది. కానీ ఆ సంతోషం కింద తన ఒంటికీ హాయిగా ఉంది. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో ఎవరూ ఆమె మొహం చదవడం లేదు.

"బావా," అంది కాసేపటికి, "ఎందుకైనా మంచిది, ఓసారి ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చొద్దాం పద."

"మళ్ళీనా? పొద్దుటినుంచీ అక్కడే పడున్నాను. గుచ్చడానికి ఈ చేతుల్లో చోటెక్కడుంది చెప్పు."

వంటగదిలోంచి అక్క నవ్వింది. "అలా అనాలని దాని రూలు కదండీ. అంటోంది పాపం. ఎంత బాగా నటిస్తోందో చూడండి!"

ఇక ఏ మాట అన్నా అంతేనని చిన్నికి అర్థమైంది. నియమం ప్రకారం ఏం చెప్పినా వాళ్ళకి అది రుజువే. ఊరుకున్నా రుజువే. ఇన్ని వారాలుగా తయారుచేసుకున్న ఆ ఖాళీ మొహం మీద వాళ్ళిద్దరూ కలిసి తమకి కావలసింది రాసుకున్నారు.

"రావమ్మా మరదలు పిల్లా," అన్నాడు బావ. "ఎప్పుడొచ్చావు?"

ఆమె ఆయన వైపు చూసింది. జోక్ కాదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

లేచి ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో ఇన్సులిన్ పెన్ను ఉంది. చక్కెర ఎంత ఉంటే ఎంత వెయ్యాలో డాక్టర్ చెప్పింది ఆమెకి కంఠతా వచ్చు. సూది బిగించి, వెనక మర తిప్పింది. మర టకటకమంది. ఆ చప్పుడికి పాట ఆగిపోయింది.

"ఏం చేస్తున్నావే?" అక్క రెండు చేతుల్లో రెండు కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

చిన్ని బావ పక్కన కూర్చుంది. "చొక్కా ఎత్తు బావా."

"అది ఉత్త అంకె కదే. ఇప్పుడు ఇన్సులిన్ ఇస్తే మనిషి పడి..."

అక్క మాట అక్కడ ఆగింది. చిన్ని తల ఎత్తలేదు. ఎత్తకుండానే ఆమెకి వినిపించింది, అక్క లెక్కని కిందినుంచి పైకి మళ్ళీ చేసుకుంటున్న నిశ్శబ్దం. ఇన్సులిన్ ఇస్తోందంటే అంకె నిజం. అంకె నిజమైతే మీటర్ మోసపోలేదు. మీటర్ మోసపోలేదంటే ఒంట్లో విటమిన్ లేదు. ఇవాళే కాదు, మొదటినుంచీ లేదు.

బావ బద్ధకంగా చొక్కా ఎత్తాడు. ఒకప్పుడు పొట్ట ఉండేచోట వదులైన చర్మం మాత్రం ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని సూది గుచ్చింది.

అక్క కప్పులు రెండూ టీపాయ్ మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. "టాక్సీని పిలుస్తాను," అంది. అంతే అంది.

టాక్సీలో బావ మధ్యలో కూర్చున్నాడు. ఆయన తల ఒకసారి అక్క భుజం మీదికి, ఒకసారి చిన్ని భుజం మీదికి వాలుతోంది. చిన్ని తన వైపు వాలినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది, ఆ బరువుకి తను తగననిపించి. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. కొట్ల దీపాలు ఆమె చెంప మీదుగా ఒకదాని తర్వాత ఒకటి జారిపోయాయి. అక్క తిడితే బాగుండునని చిన్ని అనుకుంది. తిడితే తను జవాబు చెప్పొచ్చు, ఏడవొచ్చు, విటమిన్ పనిచేస్తుందని రుజువు లేదక్కా అనొచ్చు. అక్క ఆ అవకాశం ఇవ్వలేదు.

ఎమర్జెన్సీలో తెరలు కట్టిన మంచాల వరసలో బావని పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టర్ చిన్నపిల్ల, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది. బావ జేబులో ఉండే ట్రయల్ కార్డు తీసి చదివింది. నరంలోంచి రక్తం తీయించి ల్యాబ్‌కి పరుగెత్తించింది.

"ఇవాళే ఎక్కించారా? అయితే ఇంటి మీటర్ అంకె లెక్కలోకి రాదు. ఇన్సులిన్ ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చామండి," అంది అక్క.

"ఎవరిచ్చారు?"

చిన్ని నోరు తెరిచింది.

"నేనే డాక్టర్," అంది అక్క. "తెలియక ఇచ్చేశాను."

చెల్లెలి వైపు చూడకుండానే అంది. చిన్నికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అయింది. ఇన్సులిన్ ఇచ్చింది ఫార్మసిస్టు అని తెలిస్తే, ఎలా తెలిసి ఇచ్చిందని అడుగుతారు. చెల్లెలి ఉద్యోగం పోతుంది. ఇంత జరిగాక కూడా అక్క ఆమెకి అడ్డం నిలబడింది.

"ఏం చేస్తుంటారు మీరు?"

"టీచర్‌ని."

"టీచర్ అయ్యుండి కార్డు మీద ఇంతింత అక్షరాలు చదవలేదా? ఎక్కించిన రోజు మీటర్ నమ్మొద్దని రాసి లేదూ? మనిషి మత్తుగా ఉన్నాడంటే చక్కెర పడిపోతోందని! సిస్టర్, గ్లూకోజ్ తీసుకురండి, త్వరగా. ల్యాబ్ కోసం కూర్చుంటే మనిషి దక్కడు."

అక్క తల వంచుకుని నిలబడింది. బడిలో పిల్లలు తన ముందు ఎలా నిలబడతారో అలాగే. నర్సు చిక్కటి గ్లూకోజ్‌ని పెద్ద సిరంజిలోకి లాగుతోంది. ల్యాబ్ చెబుతుంది, అనుకుంది చిన్ని. ఇంకాసేపట్లో ల్యాబే చెబుతుంది, నేను చెప్పక్కర్లేదు. నర్సు సిరంజిలో బుడగలు పోయేలా గోటితో కొట్టింది. బావ చేతికి ఉన్న గొట్టం మూత విప్పింది. తను మాట్లాడేలోపే ఎవరైనా పరుగెత్తుకొస్తారని చిన్ని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. అక్క ఇంకా తల ఎత్తలేదు.

"గ్లూకోజ్ వద్దు," అంది చిన్ని. మంచం దగ్గరికి వచ్చి మళ్ళీ అంది. "గ్లూకోజ్ వద్దండి. మీటర్ నిజమే చెప్పింది. చక్కెర ఎక్కువే ఉంది. ఇన్సులిన్ ఇచ్చింది నేను."

"మీకెలా తెలుసు నిజమని?"

"ఈయన సంచి నేనే కలుపుతాను. అందులో ఉన్నది సెలైన్."

నర్సు చెయ్యి ఆగింది. డాక్టర్ ఆమె మెడలో వేలాడుతున్న ఆసుపత్రి కార్డు వైపు, మంచం మీదున్న మనిషి వైపు, తల ఎత్తిన అక్క వైపు చూసింది.

"మీరు ఈయనకి..."

"మరదల్ని."

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. నాలుగు వందల పైనే. డాక్టర్ ఇంకేమీ అడగకుండా పనిలో పడింది. చక్కెర అంత పెరిగిన ఒంటికి ముందు కావలసింది నీళ్ళు. నర్సు ఒక సెలైన్ సంచి తెచ్చి స్టాండుకి తగిలించింది. తొడుగు లేదు. తేటగా ఉన్న ఉప్పునీళ్ళు అందరికీ కనపడుతూ బొట్టుబొట్టుగా దిగాయి.

చిన్ని వరండాలోకి వెళ్ళి పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసింది. అంతా వరసగా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో గట్టిగా అరుస్తాడని ఆమె ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుంది. ఆయన అరవలేదు.

"ఆయన్ని ట్రయల్‌లోంచి తీసెయ్యాలి, అది సరే," అన్నాడు. "నా సమస్య అది కాదమ్మా. మీ బావ సంచిలో మీరు ఏం కలిపారో నేను ఇప్పుడు ఎలా నమ్మను?"

"రాసి ఉన్నదే కలిపానండి. ఒక్కసారి కూడా మార్చలేదు."

"మీరు చెబుతున్నారు. చుట్టం కాదని కూడా మీరే చెప్పారు. ఆయన సంచి ఒక్కటే కాదు. మీరు కలిపిన అందరివీ. వాళ్ళంతా మనల్ని నమ్మి చేతులు చాపారు. ఆ చేతులకి ఏం ఎక్కిందో ఇప్పుడు ఎవరు చెబుతారు?"

ఫోన్ పెట్టేశాక ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్ని వారాలు తన తప్పు ఎంత ఉందో కొలుచుకుంటూ బతికింది. ఒక మనిషంత అనుకుంది. అక్కని కలిపితే ఇద్దరంత. ఎర్రసంచి ఆవిడ, ఆవిడ భర్త, తను గోధుమరంగు తొడుగులు వేసిన ఆ మిగతా మనుషులందరూ ఆ కొలతలోకి రాలేదు ఇప్పటిదాకా. వాళ్ళ మొహాలు కూడా ఆమెకి సరిగ్గా తెలియవు. గాజుపలక మీద కాగితం అంటించుకుని కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తాయి?

లోపలికి వచ్చేసరికి బావ కళ్ళు తేటపడ్డాయి. అక్క మంచం పక్క కుర్చీలో కూర్చుని ఆయన కళ్ళజోడుని పైటచెంగుతో తుడుస్తోంది. చెప్పాల్సింది చెప్పేసినట్టుంది.

"సెలైనా?" అన్నాడు బావ.

"అవును బావా."

"మొదటినుంచీ?"

"మొదటినుంచీ."

ఆయన పైనున్న సంచి వైపు చూశాడు. "మరి ఆకలి వేసింది కదా నాకు. రెండో వారంనుంచి. మెట్లు కూడా ఆగకుండా ఎక్కాను."

"అది కీమో వల్ల కావచ్చు బావా. కీమో పనిచేస్తూ ఉండొచ్చు. నిజంగా. ఆ విటమిన్ పనిచేస్తుందో లేదో ఎవరికీ..."

"కొట్లో అందరికీ చెప్పాను," అన్నాడు. "వచ్చిన ప్రతివాడికీ. విటమిన్ పడింది, చూడండి నా చెయ్యి, వణకట్లేదు, అని. జోళ్ళు బిగించి చూపించాను." ఆయన చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. దుప్పటి కింద పెట్టేసుకున్నాడు. "నవ్వుకుంటారు."

"ఎవరూ నవ్వరు బావా."

ఆయన ఏదో ఒకటి అంటాడని చిన్ని ఎదురుచూసింది. మరదలు పిల్లా అని మొదలుపెట్టి, ఉప్పు తిన్నవాణ్ణి అనో, ఉప్పులో ఊరగాయ పెట్టేశావనో, ఏదో ఒక కుళ్ళుజోకు. అది వస్తే దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోలేదు. మూసుకున్నాడంతే.

"అక్కా," అంది చిన్ని, "నాకోసం నువ్వు తిట్లు తినడం..."

"నీకోసం కాదు." అక్క కళ్ళజోడు మడిచి దిండు పక్కన పెట్టింది. "ఆ క్షణంలో నోటికి అలా వచ్చేసింది. చిన్నప్పటినుంచీ అలవాటు కదా. దానివల్ల ఈయనకి గ్లూకోజ్ ఎక్కించేవాళ్ళే." మెల్లగా అంది, "విటమిన్ పడలేదని నాకు కోపం లేదే. సగం సగం అవకాశం అని తెలిసే చేరాం. నేను లెక్కల టీచర్నే కదా. కానీ నేను పాట పాడుకుంటుంటే నువ్వు అక్కడ కూర్చుని విన్నావు చూడు."

అక్క ఎక్కడ గుచ్చిందో అక్కడే ఉంది తప్పు. పాట ఎంతసేపు సాగిందో ఇద్దరికీ తెలుసు.

"ఇంటికి వెళ్ళు. రాత్రికి నేనుంటాను."

"రేపు పొద్దున్నే వస్తాను."

"వద్దు." ఆ మాటలో కటువు లేదు. వర్షం వస్తోంది, కిటికీ వెయ్యి అన్నట్టుగా అంది. "నువ్వు రావాలని నాకనిపిస్తే నేనే పిలుస్తాను."

చిన్ని సంచి భుజానికి తగిలించుకుంది. తెర దాకా వెళ్ళింది.

"ఆగు," అంది అక్క. "రేపు ఇంటికి పంపిస్తే పొద్దున్న ఇన్సులిన్ ఎంత ఇవ్వాలి?"

చిన్ని వెనక్కి వచ్చి చెప్పింది. తినడానికి ముందు అయితే ఎంత, సరిగ్గా తినకపోతే ఎంత తగ్గించాలి, మీటర్ ఎంత చూపిస్తే ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. విడివిడిగా, నెమ్మదిగా చెప్పింది, తన జీవితంలో ఏదీ అంత జాగ్రత్తగా చెప్పనట్టు. ఇకమీదట ఆ మీటర్‌ని ఏ రోజైనా నమ్మొచ్చని కూడా చెప్పింది. అక్క ఆసాంతం వింది. అర్థమైందన్నట్టు తల ఊపింది.

తర్వాత కుర్చీలోంచి లేచి, చెల్లెలి పక్కనుంచే నడిచి, తెర జరిపి, నర్సు బల్ల దగ్గరికి వెళ్ళింది. "సిస్టర్," అని పిలిచి, పొద్దున్న ఇన్సులిన్ ఎంత ఇవ్వాలని అడిగింది.

నర్సు ఫైలు తిప్పి చూసి చెప్పింది. చిన్ని చెప్పినంతే చెప్పింది. అక్క, చెల్లెలు చెప్పినవన్నీ మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటిగా అడిగింది.